పదిహేడో నంబరు గొయ్యి

నాలుగింటికి రావలసిన మనిషి నాలుగూ ఐదుకి వచ్చాడు. ఒండినా బెర్మూదెస్ ఆ ఐదు నిమిషాలు కూడా నోటుబుక్కులో రాసుకుంది. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు ఎప్పుడు పడ్డారు, ఎవరు ఎన్నింటికి అబద్ధం మొదలుపెట్టారు, ఇవన్నీ టైముతో సహా రాసుకోకపోతే ఆవిడకి తిండి సయించదు.

"ఏం స్కాఫో గారూ, ఆలస్యమైంది? దారిలో ఎక్కడైనా పడ్డారా?"

"మేం పడం ఒండినా గారూ. పడేది మీవాళ్ళు," అన్నాడు వాల్దెమార్ స్కాఫో, తెల్లబూట్ల మీద లేని దుమ్ము దులుపుకుంటూ. "నేను కింద చూసి నడిచే మనిషిని."

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇరవై ముగ్గురు డోళ్ళవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎవర్ని చూసి నవ్వారో వాళ్ళకే తెలియాలి.

మాంటెవిడియోలో మిగతా డిటెక్టివులు మొగుళ్ళ వెనకాలా పెళ్ళాల వెనకాలా తిరుగుతారు. ఒండినా దారి వేరు. పేవ్‌మెంటు బిళ్ళ కదిలి పడ్డవాళ్ళు, బస్టాపు రేకు నెత్తిన పడ్డవాళ్ళు, మూతలేని గోతుల్లో కాలేసినవాళ్ళు, వీళ్ళే ఆవిడ మనుషులు. ఇరవయ్యేళ్ళు మునిసిపాలిటీ పేవ్‌మెంట్ల సెక్షన్లో టేపు పట్టుకుని తిరిగి, ఓ రోజు పై ఆఫీసరుని మొహం మీదే దొంగని పిలిచి, బయటికొచ్చి సొంత బోర్డు కట్టుకుంది. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో పదిమందీ ఒకే గొట్టంతో పంచుకు తాగే మాతే ఆకు కషాయం బుర్ర లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. స్కాఫోది సరిగ్గా ఎదురు ఉద్యోగం. మాజీ పోలీసు. బీమా కంపెనీ తరఫున అవే గోతులు చూసి, ఇందులో మా తప్పేం లేదని తేల్చి పారేస్తాడు. ఇద్దరికీ ఇది పద్నాలుగో కేసు. ఏడు ఆయన గెలిచాడు, ఆరు ఈవిడ. ఆ పదమూడు కేసుల్లోనూ ఒండినా మాతే బుర్ర అక్కడున్న అందరి చేతులూ తిరిగింది గాని స్కాఫో చేతికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

ఈ రోజు గొయ్యి ఇస్లా దె ఫ్లోరెస్ వీధిలో, మూతపడ్డ చెప్పుల షాపు ముందు ఉంది. నీళ్ళ గొట్టాలు వేసే కంట్రాక్టు కంపెనీ తవ్వింది. నడుం లోతు. ఆదివారం సాయంత్రం ఆరూ నలభైకి పెత్రోనమ్మ అందులో పడి చీలమండ విరగ్గొట్టుకుంది. పడ్డాక చుట్టుపక్కలవాళ్ళు గోతిలో ఒక చెట్టుకొమ్మ పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. ఈ ఊళ్ళో అంతే. గొయ్యి కనబడితే జనం ఆఫీసులకి అర్జీలు రాయరు, ఇంట్లో ఉన్న కొమ్మో డబ్బానో తెచ్చి ఎర్రగుడ్డ కట్టి నిలబెడతారు.

పెత్రోనమ్మ ఇప్పుడు గోతికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో దర్జాగా కూచుని ఉంది. అరవై ఎనిమిదేళ్ళు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆదివారం ఊరేగింపుల్లో ఈ డోళ్ళ బృందం ముందు గొడుగూ విసనకర్రా పట్టుకుని ఆడేది ఆవిడే. కాలికి కట్టుతో కూడా ఆ ఊరేగింపు పావడాలోనే వచ్చింది, పది గజాల గుడ్డ. చేతిలో అదే గొడుగు, పక్కన ఊతకర్ర.

"కుర్చీ ఎంత బాగుందో చూశావా అమ్మాయ్! వెనకాల ఎర్ర రిబ్బను కూడా కట్టాడు మావాడు," అంది ఒండినాతో.

"నేను కట్టలేదు పెద్దమ్మా, దానికే ఉంది," అన్నాడు లీబెర్. అతను పెత్రోనమ్మ చెల్లెలి కొడుకు, డోళ్ళవాళ్ళకి నాయకుడు. "నువ్వు నిలబడలేవని దారిలో దొరికింది ఎత్తుకొచ్చా."

ఒండినా నవ్వి మాతే బుర్ర అతని చేతికిచ్చింది. ఆ నవ్వు వెనక మాత్రం గుండెల్లో రాయి ఉంది. చీలమండకి ఆపరేషన్ చెయ్యాలి, వారంలోగా చెయ్యాలి. ప్రభుత్వాసుపత్రిలో వరస వచ్చేది ఎప్పటికో. ఈలోపు ఎముక వంకరగా అతుక్కుంటే ఇక గొడుగు మడిచి మూలన పెట్టాల్సిందే. తప్పు కంపెనీదని ఇవాళ్టి తనిఖీ కాగితంలో పడితే ఆపరేషన్ బీమా వాళ్ళే వెంటనే చేయించాలి. తప్పు డోళ్ళవాళ్ళదని పడితే, ఆ భారం లీబెర్ మీదికీ ఈ కుర్రాళ్ళ మీదికీ వస్తుంది. అదే జరిగితే కేసు చింపి పారెయ్యమని పెత్రోనమ్మ పొద్దున్నే చెప్పేసింది. "పిల్లల డోళ్ళు అమ్మించి నేను ఆడతానా? కుంటుతానే గాని అలా ఆడను," అంది. ఆవిడ మాటంటే మాటే.

ఆ కాగితం రాయవలసింది మునిసిపాలిటీ లాయరు అసుసెనా. సన్నగా, చురుగ్గా ఉంది. సంచిలోంచి ముద్ర తీసి చూపించింది.

"ఐదింటికి మా ఆఫీసు మూస్తారు. ఐదుకి పది నిమిషాల ముందు ఏం తేలితే అది రాసి ముద్ర కొడతాను. తర్వాత ఎవరేం ఏడ్చినా నాకు సంబంధం లేదు. మొదలుపెట్టండి."

స్కాఫో సైగ చేశాడు. అతని వెనకనుంచి కంపెనీ మేస్త్రీ ఎవారిస్తో గాల్బన్ ముందుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి చుట్టిన చెక్క. సంచి విప్పితే ఎరుపూ తెలుపూ చారల అడ్డచెక్క బయటపడింది. ఒక చివర బొగ్గైంది. ఇంకో చివర విరిగితే ఎప్పుడో సార్డీను చేపల డబ్బా మూత మేకుల్తో కొట్టి అతుకు వేశారు.

ఆ అతుకు మీద స్కాఫో చూపు ఒక క్షణం ఆగింది. కనుబొమలు ముడిచాడు. తర్వాత తల విదిలించుకున్నాడు. ఒండినా అది చూసింది. ఎందుకో అర్థం కాలేదు, కానీ రాసుకుంది. నాలుగూ పన్నెండు, స్కాఫో, డబ్బా మూత.

"గొయ్యి తవ్వింది ఎప్పుడు గాల్బన్?"

"శనివారమమ్మా. పదకొండున్నరకి మొదలెట్టి రెండింటికి ముగించాం."

"అడ్డచెక్కలు?"

"రెండుంపావుకి నా చేతుల్తో నేనే నిలబెట్టా. మూడు చెక్కలు, చుట్టూరా."

"తర్వాత?"

"ఆదివారం సెలవు. సోమవారం ఏడింటికొచ్చి చూస్తే ఒక్కటీ లేదు. వీళ్ళ మంట బూడిదలో ఇదిగో, ఇది దొరికింది. ఫోటో తీసి మా ఆఫీసుకి పంపించా."

స్కాఫో గొంతు సవరించుకున్నాడు. "లాయరు గారూ, ఇందులో దాచడానికేం లేదు. ఆదివారం ఆదివారం వీళ్ళు వీధిలో మంట వేస్తారు. డోలు చర్మం బిగియడానికి. ఊరందరికీ తెలుసు. కర్ర చాల్లేదు, ఎదురుగా చెక్కలు కనబడ్డాయి, పీకి మంటలో పడేశారు. అరగంటలో వాళ్ళ పెద్దావిడే వచ్చి అదే గోతిలో పడింది. పాపం, నాకూ బాధే. కానీ తప్పెవరిది?"

"రంగేసిన చెక్కా?" లీబెర్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "రంగేసిన చెక్క మంటలో వేస్తామా మేము? మేం కాల్చేది పాత పళ్ళబుట్టలే. ఆ పొగ జిగటగా చర్మానికి పడుతుంది. నెల్రోజులు డోలు మూగదైపోతుంది. మా తాత వింటే సమాధిలోంచి లేచొచ్చి నా చెంప పగలగొడతాడు!"

"మీ తాతని సాక్ష్యానికి పిలుద్దామంటారా?" అన్నాడు స్కాఫో.

"తాత ఎందుకు, డోళ్ళున్నాయిగా," అంది ఒండినా. "లాయరు గారూ, ఇలా రండి. ఆదివారం కాచిన డోళ్ళే ఇవి, ఇరవై మూడూ. వాసన చూడండి."

అసుసెనా వంగి మొదటి డోలు మూతిని వాసన చూసింది. రెండోదీ చూసింది. "పళ్ళబుట్ట కాల్చిన వాసన," అంది. చర్మం మీద వేలు రాసి చూసుకుంది. వేలికి జిగట అంటలేదు.

"తుడిచేసుంటారు," అన్నాడు స్కాఫో.

"మీరూ చూడండి, స్కాఫో గారూ. ముక్కేం అరిగిపోదు."

"నేను డోళ్ళు వాసన చూడ్డానికి రాలేదు."

"గోతులు వాసన చూడ్డానికి వచ్చారుగా, ఇదీ చూడండి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. స్కాఫో చెవులు ఎర్రబడ్డాయి. కానీ మనిషి ఇరవై రెండేళ్ళు పోలీసుగా చేసినవాడు. తేరుకున్నాడు.

"ఇరవై మూడు డోళ్ళు శుభ్రంగా ఉన్నాయనుకుందాం. చెక్క మాత్రం మంటలో దొరికింది. దానికేం చెబుతారు?"

ఒండినా ఫ్లాస్కు వంచి మాతే నింపుకుని, గొట్టంతో తాపీగా ఒక గుక్క పీల్చింది. సోమవారంనుంచి ఈ ఒక్క ప్రశ్న కోసమే కాచుక్కూచుంది. కంపెనీ పంపిన ఉత్తరంలో 'మంట బూడిదలో దొరికినది' అని మాత్రమే ఉంది. ఎక్కడి బూడిదో రాయలేదు. ఆ రాయకపోవడమే ఆవిడకి నాలుగు రోజులుగా నిద్ర పట్టనివ్వలేదు. ఫోటో చూపించమంటే స్కాఫో ఎప్పట్లాగే కంపెనీ రహస్యం అన్నాడు. పదమూడు కేసుల్లోనూ ఆయన ఒక్క ఫోటో చూపించిన పాపాన పోలేదు.

"ఎక్కడ దొరికిందో చూపించు గాల్బన్."

"అదేనమ్మా, వాళ్ళు ఎప్పుడూ మంటేసే చోటే. ఆ మూల."

ముప్ఫై అడుగులు. అందరూ వెళ్ళారు. పెత్రోనమ్మని లీబెర్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి దింపాడు. వీధి మూల పసుపు ఇంటి కిటికీ కింద, కాలవ అంచున నల్లటి మచ్చ, పెచ్చులు కట్టిన బూడిద ఉన్నాయి.

లీబెర్ నోరు తెరిచాడు. ఒండినా మడమ అతని బొటనవేలి మీద పడింది. అతను "అబ్బా" అని నోరు మూసుకున్నాడు.

"ఇక్కడేనా? సరిగ్గా చూసి చెప్పు."

"ఇక్కడే."

"వేరే చోట దొరికితే తెచ్చి ఇక్కడ పడేశావా?"

"దేవుడి మీద ఒట్టు! ఈ బూడిదలోంచే నా చేత్తో తీశా. ఆదివారం ఆరింటికి ఇక్కడే మంటేశారు. సోమవారం ఏడింటికి ఇక్కడే తీశా."

"లాయరు గారూ, ఆ మాటలు అలాగే రాసి సంతకం పెట్టించండి. నాలుగూ ముప్ఫై ఒకటి."

గాల్బన్ సంతకం పెట్టాడు. పెన్ను అసుసెనాకి తిరిగిచ్చాడో లేదో, నెత్తిమీద కిటికీ దభాలున తెరుచుకుంది. బూడిదరంగు జుట్టావిడ, భుజం మీద గుడ్డమూట లాంటి పసిపాపతో తల బయటపెట్టింది.

"ఎవరర్రా నా కిటికీ కింద అరుస్తోంది? పాప ఇప్పుడే కళ్ళు మూసింది!"

"తప్పైపోయింది ఓర్తెన్సియమ్మా," అంది ఒండినా గొంతు తగ్గించి. "ఒక్క మాట చెప్పి పడుకోబెట్టెయ్యండి. ఈ తల్లి ఎప్పుడు పుట్టింది?"

"శుక్రవారం తెల్లారగట్ల. మూడు కిలోల నాలుగొందలు!" కోపంలో కూడా అమ్మమ్మ మొహం చాటంతయింది.

"ఆదివారం సాయంత్రం ఈ మూల మంట వేశారా?"

"ఇక్కడా? పసిగుడ్డు ఇంట్లో ఉంటే నా కిటికీ కింద పొగ పెడతారా? బకెట్టుడు నీళ్ళు గుమ్మరించనూ! ఈ పిల్లలు బంగారాలమ్మా. శనివారమే వచ్చి, అమ్మమ్మా ఈ వారం మంట మైదానం దగ్గర వేసుకుంటాం, పాపకి పొగ తగలకూడదని చెప్పి వెళ్ళారు. నేను ఆదివారం మూడింటినుంచి పదింటిదాకా ఈ కిటికీలోనే ఉన్నా. ఇక్కడ అగ్గిపుల్ల కూడా వెలగలేదు."

ఒండినా లీబెర్ బొటనవేలి మీదనుంచి కాలు తీసింది.

"అదే చెప్పబోయా అక్కా!" అన్నాడతను. "మేము వేసింది రెండు వీధుల అవతల! పెద్దమ్మ అక్కడికొస్తూనే పడింది!"

ఒక్కసారిగా అందరూ మాట్లాడబోయారు. ఓర్తెన్సియమ్మ వేలు పెదాల మీద పెట్టుకుంది. ఇరవై ముగ్గురు మగాళ్ళు గప్‌చుప్.

"రెండు చోట్ల వేసుంటారు," అన్నాడు స్కాఫో. గుసగుసగానే అన్నాడు గాని పట్టు వదల్లేదు. "ఆవిడ గమనించలేదు."

"అయితే మీ ఫోటో తియ్యండి. రహస్యం ఇంకేం మిగల్లేదు."

స్కాఫో ఫోను తీసి ఫోటో పెద్దది చేశాడు. ఒండినా అందులోకి వంగింది.

"ఈ బూడిద చూడండి, పెచ్చులు పెచ్చులుగా ఉంది. శనివారం రాత్రి వాన కురిసింది, గుర్తుందా? మీరు బూట్లు తడుస్తాయని ఇంట్లోంచి కదల్లేదని విన్నాను. ఇది అంతకుముందు వారం బూడిద. వానకి తడిసి గట్టిపడింది. ఆదివారం సాయంత్రం మంటేసుంటే సోమవారం పొద్దున మెత్తగా, ఊదితే లేచిపోయేలా ఉండాలి. పైగా చెక్క బూడిదలో లేదు, బూడిద మీద ఉంది. తెచ్చి పడుకోబెట్టారు, పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు. మీ మేస్త్రీకి వీళ్ళు ఎప్పుడూ మంటేసే చోటు తెలుసు. ఈ వారం పాప పుట్టిందని తెలీదు. పప్పులో కాలేశాడు."

స్కాఫో చాలాసేపు ఫోటో వంక చూశాడు. తర్వాత తల తిప్పి గాల్బన్ వంక చూశాడు. అది పాత పోలీసు చూపు.

"నాకు అబద్ధం చెప్పావా?"

గాల్బన్ నీళ్ళు నమిలాడు. "సార్... ఆఫీసులో చెప్పమన్నారు..."

"నాకు!" అన్నాడు స్కాఫో. "ముప్ఫయ్యేళ్ళుగా నేను జనం అబద్ధాలు పట్టుకుంటున్నాను. నువ్వు నాకే..." అసుసెనా వైపు తిరిగాడు. "రాయండి లాయరు గారూ. గోతికి అడ్డం లేదు. తప్పు కంపెనీది. నేను ఒప్పుకుంటున్నాను."

ఒండినా పద్నాలుగు కేసుల్లో ఆ మాట ఆ నోటినుంచి మొదటిసారి వింది. గెలిచిన సంతోషంలో కూడా ఎక్కడో ఆయన మీద జాలేసింది.

నాలుగూ నలభై ఎనిమిదికి ముద్ర కాగితం మీద టప్పున పడింది. లీబెర్ పెద్దమ్మని కుర్చీలో ఉండగానే కావలించుకున్నాడు. పెత్రోనమ్మ కళ్ళు తుడుచుకుని, గొడుగు విప్పి, కూచున్నచోటే నడుం ఊపింది. డోళ్ళవాళ్ళ చేతులు డోళ్ళ మీదికి వెళ్ళాయి. కిటికీలో ఓర్తెన్సియమ్మ కళ్ళెర్రజేసింది. చేతులు గాల్లోనే ఆగాయి. అప్పుడు లీబెర్ వేళ్ళ చివర్లతో, మెత్తగా, తలుపు మీద తట్టినట్టు మొదలెట్టాడు. మిగతా ఇరవై ఇద్దరూ అందుకున్నారు. ఇరవై మూడు డోళ్ళు గుసగుసలాడుతుంటే పాప నిద్రలో పెదాలు చప్పరించింది.

స్కాఫో ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ఫోను చెవికి పెట్టుకుని కంపెనీ ఆఫీసులో ఎవరినో కడిగేస్తూ కారు పెట్టిన సందు వైపు విసవిసా నడుస్తున్నాడు.

ఒండినా చెక్కని చేతిలోకి తీసుకుని తిరగేసింది. అలవాటు. వెనక వైపు చూడకుండా ఆవిడ ఏదీ వదలదు.

వెనక నీలం సుద్దతో అంకెలున్నాయి. 3, కొట్టేసి ఉంది. 8, కొట్టేసి ఉంది. 11, 14, అవీ కొట్టేసి ఉన్నాయి. చివర 17. అది కొట్టెయ్యలేదు.

"ఈ గొయ్యి నంబరెంత గాల్బన్?"

"తొమ్మిది."

"తొమ్మిది ఇందులో లేదే. ఈ అంకెలేమిటి?"

గాల్బన్ దాచే ఓపిక కూడా పోయినట్టు నిలబడ్డాడు. "పందొమ్మిది గోతులు తవ్వాం, నంబర్లు ప్లానులో ఉన్నవి. చెక్కలు మొత్తం నాలుగే ఇచ్చారు. ఏ చెక్క ఎక్కడ పెట్టాలో మర్చిపోకుండా నంబరు రాసుకుంటా."

"అంటే ఇది పదిహేడో గోతిది. సోమవారం అక్కణ్ణించి పీకి, కాల్చి, ఇక్కడికి తెచ్చావు. మరి పదిహేడుకి ఇప్పుడు అడ్డం ఏముంది?"

"నిన్న చూశానమ్మా, ఫర్వాలేదు. పక్కింటివాళ్ళెవరో కుర్చీ పెట్టారు. వెనక ఎర్రగుడ్డ కట్టి..."

డోళ్ళు ఆగిపోయాయి. అందరి తలలూ ఒకేసారి పెత్రోనమ్మ కుర్చీ వైపు తిరిగాయి. కుర్చీ కాళ్ళకి సిమెంటు దుమ్ము. వెనక ఎర్ర రిబ్బను.

"లీబెర్," అంది ఒండినా నెమ్మదిగా, "ఈ కుర్చీ ఎక్కణ్ణించి తెచ్చావు?"

"ఆ సందులోంచి..." అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "పేవ్‌మెంటు మీద ఒక్కటే ఉంటే ఎవరో పారేశారనుకున్నా..."

ఒండినా పరిగెత్తింది. ఫ్లాస్కు చంకలోనే ఉంది. యాభై రెండేళ్ళ మనిషి అలా పరిగెత్తగలదని ఆవిడకే తెలీదు. వెనకాల డోళ్ళవాళ్ళు దడదడమంటూ వస్తున్నారు. సందు మలుపు తిరిగేసరికి ఇరవై అడుగుల ముందు తెల్లబూట్లు కనిపించాయి.

"స్కాఫో గారూ! ఆగండి! కిందకి చూడండి!"

ఆయన ఫోను దించి, నడక ఆపకుండానే, తల మాత్రం వెనక్కి తిప్పాడు.

"నాకు నడవడం మీరు నేర్పక్కర్లేదు, ఒండినా గా..."

మనిషి లేడు. గోతి అంచున ఒక తెల్లబూటు మిగిలింది.

ఒండినా మోకాళ్ళ మీద కూలబడి లోపలికి తొంగిచూసింది. స్కాఫో నడుం లోతు గోతిలో, బురదలో, గోడకి వీపు ఆనించి కూచున్నాడు. ఒక చేత్తో చీలమండ పట్టుకున్నాడు. నొప్పికి మొహం ముడుచుకుపోయింది.

"టైమెంత?" అన్నాడాయన.

"నాలుగూ యాభై నాలుగు."

"రాసుకోండి. సాక్షులు?"

"నాతో కలిపి ఇరవై నలుగురు."

స్కాఫో తల వెనక్కి వాల్చి నవ్వడం మొదలెట్టాడు. నవ్వితే కాలు నొప్పి, నొప్పికి అబ్బా అనడం, అన్నాక మళ్ళీ నవ్వడం. అది చూసి పైన డోళ్ళవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. లీబెర్ ఒక్కడే నవ్వలేదు. గోతి అంచుకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు పడింది నావల్ల. ఇక్కడ కుర్చీ పెట్టి ఉంది. మా పెద్దమ్మ కోసం నేనే ఎత్తుకెళ్ళా. ఏ శిక్షైనా నాకు వెయ్యండి, పెద్దమ్మ ఆపరేషన్ మాత్రం ఆపకండి."

ఆ ఒక్క మాట పట్టుకుని స్కాఫో ఏం చెయ్యగలడో ఒండినాకి తెలుసు. ఏడేళ్ళనుంచి చూస్తోంది.

స్కాఫో లీబెర్ వంక కిందనుంచి పైకి చూశాడు.

"ఏ కుర్చీ?" అన్నాడు. "గోతికి కంపెనీ పెట్టాల్సింది అడ్డచెక్క. కుర్చీలూ మంచాలూ నా రిపోర్టులో ఉండవు. ఆ చెక్క తీసుకురండి. నేను ఒకసారి చూడాలి."

అప్పుడు తట్టింది ఒండినాకి. కంగారులో చెక్క అక్కడే పడేసి పరిగెత్తింది. దాని పక్కనే గాల్బన్ ఉన్నాడు. గిర్రున వెనక్కి తిరిగింది. సందు మొదట్లో అసుసెనా రొప్పుతూ వస్తోంది.

"మేస్త్రీ పారిపోయాడు! కంపెనీ సామాను బండి ఎక్కి పోయాడు! చెక్క కూడా కనపడటం లేదు!"

చెక్క పోతే అంకెలు పోయినట్టే. ఇంతలో అసుసెనా వెనకనుంచి టకటకమని కర్ర చప్పుడు వినిపించింది. పెత్రోనమ్మ ఒక చంకలో ఊతకర్ర, ఒక చేతిలో గొడుగు పెట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ వస్తోంది.

"పెద్దమ్మా, కాలు!" అని అరిచాడు లీబెర్.

"కాలికేం, ఎలాగూ కోస్తారుగా!" పెత్రోనమ్మ గోతి పక్కన ఆగి, పది గజాల పావడా అంచు ఒకవైపు ఎత్తింది. నడుముకి విసనకర్ర దోపుకునే పట్టీలో, నిలువునా, ఎరుపూ తెలుపూ చారల చెక్క వేలాడుతోంది. "వాడు అటూ ఇటూ చూస్తుంటేనే అనుకున్నా. మీరంతా పరిగెత్తగానే లోపల దోపేశా. పావు నిమిషం వెతుక్కున్నాడమ్మా పాపం. ఆడదాని పావడాలో వెతకాలని తోచలేదు!"

స్కాఫో చెక్కని రెండు చేతులా అందుకున్నాడు. డబ్బా మూత అతుకు మీద బొటనవేలు రాశాడు. తిరగేసి అంకెలు చదివాడు. నవ్వు మాయమైంది.

"అప్పుడే అనిపించింది, ఎక్కడో చూశానని," అన్నాడు. "మూడో నంబరు గొయ్యి, పాలు పోసే కుర్రాడు. ఎనిమిది, టీచరు, మోకాలు. పదకొండు, కళ్ళు సరిగ్గా కనపడని పెద్దాయన. పద్నాలుగు, కడుపుతో ఉన్న అమ్మాయి. నాలుగు ఫైళ్ళూ నేనే కొట్టేశాను ఒండినా గారూ. అడ్డం ఉంది, ఇదిగో ఫోటో అని రాశాను. నాలుగు ఫోటోల్లోనూ ఈ డబ్బా మూత ఉంది. వాళ్ళు పడ్డాక తెచ్చిపెట్టి ఫోటో తీసేవాళ్ళు. నేను చూశాను, చూసి కూడా చూడలేదు."

ఒండినాకి నాలుగు మొహాలూ గుర్తొచ్చాయి. నాలుగూ ఆవిడ కేసులే. స్కాఫో ఆవిడ మీద గెలిచిన ఏడింటిలో నాలుగు అవే. ఆ పాలకుర్రాడు ఇప్పటికీ ఎడమకాలు ఈడుస్తూ ఆవిడ గుమ్మంలో సీసా పెట్టి వెళ్తాడు.

"మీ కేసు రాసుకుంటాను, చెప్పండి. పేరు, వయసు," అంది, నోటుబుక్కు తీసి.

"నాది తర్వాత. మూడో నంబరునుంచి మొదలుపెట్టండి. ఫైళ్ళన్నీ నా సొరుగులోనే ఉన్నాయి, రేపు పొద్దున్న తొమ్మిదింటికి తెచ్చిస్తాను. నన్ను ఎవరైనా మోసుకొస్తే."

"మేం మోస్తాం సార్," అన్నాడు లీబెర్ వెంటనే. "డోలుకంటే బరువేం ఉండరు."

పెత్రోనమ్మ గొడుగు మడిచి, వంపు తిరిగిన పిడిని గోతిలోకి దించింది. "పట్టుకో నాయనా. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ విరగలేదు."

"ఆగండి, కదపొద్దు. అంబులెన్సు రానివ్వండి," అంది ఒండినా. ఫ్లాస్కు మూత తీసి మాతే బుర్రలో వేణ్ణీళ్ళు పోసింది. గొట్టం తుడిచి, గోతి అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందకి చాచింది.

స్కాఫో బురదచేతుల్తో మాతే బుర్ర అందుకున్నాడు. దాన్ని కాసేపు పట్టుకుని, చివరిదాకా తాగాడు.